పెళ్లికి ముందు డిన్నర్ – తిరుపతిలో మన పద్ధతిలో ఎలా పెట్టాలి? సలహాలు కావాలి

మామిడితోపు (సోమవారం, రాత్రి 9:12)
అందరికీ నమస్కారం. మా చెల్లి పెళ్లి మాఘమాసంలో, తిరుచానూరు రోడ్డులో కల్యాణ మండపం. శనివారం రాత్రి రిసెప్షన్, ఆదివారం పొద్దున ముహూర్తం. అబ్బాయి వాళ్ళది పీలేరు పక్కనే కానీ పెరిగింది డల్లాస్‌లో, అక్కడి స్నేహితులు ఇరవై మంది దాకా వస్తున్నారు. వాళ్ళ అమ్మగారు ఫోన్ చేసి, రిహార్సల్ డిన్నర్ ఒకటి పెట్టుకుందాం, ఖర్చు మాది, ఏర్పాట్లు మీరు చూడండి అన్నారు. మా నాన్న "పెళ్లికి రిహార్సలేంది, అదేమన్నా నాటకమా" అని ఫోన్ పెట్టేయగానే మొదలుపెట్టాడు, ఇంకా ఆపలేదు.

రెండు వైపులా కలిపి డెబ్భై మంది. హోటల్లో హాలు తీసుకుంటే పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా, అంతే కదా, అవి డల్లాస్‌లో కూడా దొరుకుతాయి. మన ఊరి తిండి, మన ఊరి సందడి ఉండాలని నా కోరిక. చంద్రగిరి దాటాక మాకు మామిడి తోట ఉంది, చెట్ల కింద లైట్లు కట్టి అక్కడే పెడితే ఎలా ఉంటుంది? మెనూ ఏంటి? ఏ రోజు?

సంగటిముద్ద (9:20)
రాగి సంగటి, నాటుకోడి పులుసు. చర్చ ముగిసింది, అందరూ పడుకోండి.

వలస పక్షి (9:41)
అన్నా, నేను అక్కడే ఉంటాను కాబట్టి అసలు వాళ్ళ పద్ధతి చెప్తాను, నాన్నగారికి చదివి వినిపించండి. అమెరికాలో పెళ్లి ముందురోజు సాయంత్రం చర్చిలోనో పెళ్లి జరిగే చోటో ఎవరు ముందు నడవాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అని ఒకసారి నడిచి చూసుకుంటారు. అది అయ్యాక రెండు కుటుంబాలూ, పెళ్లికొడుకు పక్కన పెళ్లికూతురు పక్కన నిలబడే స్నేహితులూ, దూరం నుంచి వచ్చినవాళ్ళూ కలిసి భోంచేస్తారు. సంప్రదాయంగా ఖర్చు మగపెళ్లివాళ్ళది, అందుకే వాళ్ళ అమ్మగారు అలా అన్నారు, మిమ్మల్ని తక్కువ చేయడానికి కాదు. రిసెప్షన్ అంత హడావుడి ఉండదు, ఒకరిద్దరు లేచి పెళ్లికొడుకు మీద నాలుగు జోకులు, రెండు మంచి మాటలు చెప్తారు. రెండు కుటుంబాలూ తీరిగ్గా మాట్లాడుకునేది ఆ ఒక్క పూటే, పెళ్లిరోజు ఎవరికీ ఎవరూ దొరకరు.

చిత్తూరు అత్త (10:05)
ఇది మనకు లేనిదా నాయనా? మగపెళ్లివారు దిగంగానే విడిదిలో కాళ్ళకు నీళ్ళిచ్చి, పానకం ఇచ్చి, ఆ రాత్రి బంతి వేసి పెట్టేది ఇదే కదా. ఇప్పుడు అందరూ ఏసీ రూములకు పోయి ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు కాబట్టి కొత్తగా అమెరికా నుంచి తెచ్చుకోవాల్సి వస్తోంది. మీ నాన్నకు విడిది భోజనం అని చెప్పు, మారు మాట్లాడడు. ఖర్చు వాళ్ళు పెట్టుకుంటామంటే వద్దనకు, అది మాత్రం మంచి పద్ధతే 😄

అలిపిరి మెట్లు (10:18)
రోజు సంగతి చూడండి ముందు. వాళ్ళ లెక్కలో 'ముందురోజు రాత్రి'. మన వైపు ముందురోజు రాత్రి రిసెప్షన్ కదా, గుంటూరు కృష్ణా వాళ్ళలాగా పెళ్లయ్యాక కాదు. అంటే మీకు శుక్రవారం రాత్రే మిగిలింది. అదీ కాక మాఘం అంటున్నారు, రథసప్తమి ఎప్పుడో పంచాంగం చూసుకోండి, ఆ రోజు కొండ మీద సూర్యప్రభ నుంచి చంద్రప్రభ దాకా ఏడు వాహనాలు, కిందా, కొండ మీదా ఎక్కడా రూములు దొరకవు. నెలాఖర్లో శివరాత్రి, అప్పుడు కపిలతీర్థం ముందు, శ్రీకాళహస్తి దారిలో బస్సులు కదలవు.

మామిడితోపు (10:26)
రథసప్తమి తర్వాతే ముహూర్తం, శివరాత్రికి ముందే. రూములు ఇప్పుడే చెప్పేస్తాను. శుక్రవారం అయితే నాటుకోడి సంగతి ఏంటి?

సంగటిముద్ద (10:28)
శుక్రవారం అని ముందే చెప్పాల్సింది కదా అన్నా, గుండె పగిలింది.

చిత్తూరు అత్త (10:40)
శుక్రవారం ఒకటే కాదు, ఇంట్లో పసుపు దంచి, పందిరి వేసి, పిల్లను పెళ్లికూతుర్ని చేశాక ఒక్క ముద్ద నీచు కూడా ఇంట్లోకి రాకూడదు. మా ఇళ్ళలో అంతే. వ్రతం అయ్యాక, కంకణాలు విప్పాక అప్పుడు చేసుకోండి కోడి పులుసు అలసంద వడలు, ఎవరు కాదన్నారు.

పలమనేరు రోడ్డు (10:52)
అత్తా, అందరి ఇళ్ళలో అలా లేదు. మాకు పెళ్లి ముందు దేవర చేసి పొట్టేలు కోస్తాం, పెద్దలకు పెట్టకుండా పెళ్లి పని మొదలుపెట్టం. ఇంటి ఆచారాన్ని బట్టి. అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి రాయలసీమ అంటే నాటుకోడి అనే తెలుసు, వంకాయ పెట్టి పంపిస్తే ఏమనుకుంటారు?

చిత్తూరు అత్త (10:58)
వంకాయ పెట్టినామా అనుకుంటారు. అంతేగా.

బంతిభోజనం (11:30)
నేను క్యాటరింగ్‌లోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి. శుక్రవారం శాకాహారమే పెట్టండి, కానీ 'వెజ్ కదా' అని పెళ్లి మెనూనే మళ్ళీ పెట్టొద్దు. శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం ఎలాగూ వడ పాయసం సాంబారు కుర్మా వస్తాయి, మూడు పూటలు అదే తింటే ఎవరికైనా విసుగే. ఈ పూట ఇంట్లో తినేది పెట్టండి. మాఘంలో ఇంకా అనపకాయలు దొరుకుతాయి, చలికాలం చివర కాబట్టి గింజ ముదిరి ఉంటుంది, రాత్రంతా నానబెట్టి పితికితే పితికిపప్పు. పితికిపప్పు పులుసు, వేడి సంగటి, మధ్యలో గుంట చేసి నెయ్యి. దాని పక్కన ఊరిబిండి పచ్చడి, ఏదన్నా ఆకుకూర పప్పు, వంకాయ కూర, పెరుగన్నం, మజ్జిగ మిరపకాయలు. తీపికి ఓళిగలు, అదే బొబ్బట్లు, పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి, కావాలన్నవాళ్ళకి పాలు పోసి. ఇంతే. పది రకాలు చాలు, ముప్పై రకాలు పెట్టినచోట ఒక్కటి కూడా గుర్తుండదు.

సంగటి గురించి ఒక మాట. డెబ్భై మందికి ఒకేసారి చేసి హాట్‌బాక్సులో పెడతామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. అరగంటలో పైన పెచ్చు కట్టి, రాయిలా అయిపోతుంది. బంతికి ఒక దబరా చొప్పున, బియ్యం మెత్తగా ఉడికాక పిండి వేసి, మూత పెట్టి మగ్గనిచ్చి, తెడ్డుతో గెలికి, తడి చేత్తో ముద్ద కట్టి వెంటనే వడ్డించాలి. గెలకడానికి బలం ఉన్న మనిషి కావాలి, పిండి ఉండలు కడితే మొదటిసారి తినేవాళ్ళు మళ్ళీ జన్మలో ముట్టుకోరు. ముద్దలు చిన్నవి కట్టమని చెప్పండి. నమలకుండా మింగాలని కూడా పక్కన ఎవరైనా చూపించాలి, లేకపోతే చూయింగ్ గమ్‌లా నములుతూ కూర్చుంటారు.

వలస పక్షి (11:44)
చాలా ముఖ్యమైన విషయం. వచ్చేవాళ్ళలో ఎవరికైనా వేరుశెనగ అలర్జీ ఉందేమో ఇప్పుడే అడగండి. అక్కడ చాలా మందికి ఉంటుంది, తింటే గొంతు వాచి ఊపిరి ఆడక ఆసుపత్రి పాలయ్యేంత తీవ్రంగా ఉండొచ్చు. మన సీమ వంటలో అది లేనిది ఏది? ఊరిబిండి అదే, వంకాయలో పొడి అదే, చిత్రాన్నంలో పప్పులు అవే, వేయించే నూనె కూడా చెనక్కాయల నూనే.

మామిడితోపు (మంగళవారం, ఉదయం 7:02)
అడిగాను. ఒక అమ్మాయికి ఉందట, తీవ్రంగానే. మంచి పని చేశావు తమ్ముడూ, నాకు ఈ ఆలోచన రానే రాదు.

బంతిభోజనం (7:30)
అలాంటప్పుడు ఆ ఒక్కరికి విడిగా చేస్తామని అనుకోకండి, గరిటె మారితే చాలు. వంట మొత్తం పొద్దుతిరుగుడు నూనెతో చేయించండి, వంకాయలో నువ్వులు కొబ్బరి వేయించండి, అయితే నువ్వులు పడతాయో లేదో ఆ అమ్మాయిని అదీ అడగండి. ఊరిబిండి ఒక్కటి వేరే బల్ల మీద, వేరే మనిషి వడ్డించేలా. అది కూడా మానేస్తే ఇంకా మంచిది.

సంగటిముద్ద (7:33)
నాటుకోడి పోయింది, ఇప్పుడు ఊరిబిండి పోయింది. ఇంకేం మిగిలింది అన్నా, ఆకు.

తేనెమంచు (8:15)
మెనూ బాగానే ఉంది కానీ, చెట్ల కింద అన్నారు చూశారా, అది వద్దు. నాదీ తోటే, బంగారుపాళెం దగ్గర. మాఘం అంటే పూత, పిందె. తేనెమంచు పురుగుకి మందు కొట్టేది సరిగ్గా అప్పుడే. మందు కొట్టిన చెట్టు కింద ఆకులు పరిచి భోజనం పెడతారా? మందు కొట్టకపోతే ఆ పురుగు కార్చే బంక తల మీద పడుతుంది. లైట్లకు పురుగులన్నీ మీ పప్పులోకే వస్తాయి. పైగా డెబ్భై మంది కొమ్మలకు తగులుతూ తిరిగితే పూత రాలుతుంది. ఫోటోలకి బాగుంటుంది, ఒప్పుకుంటా. తోట పక్కన కళ్ళం ఉంటే అక్కడ పెట్టుకోండి.

మామిడితోపు (8:40)
కళ్ళం ఉంది, బోరు షెడ్డు పక్కన, బండలు పరిచి ఉంది. మా నాన్న కూడా పూత మాటే అన్నాడు, నేనే వినలేదు. ఆ పూట మామిడిపండ్లు పెట్టాలని కూడా అనుకున్నా, మన జిల్లా పేరే మామిడి కదా.

తేనెమంచు (8:44)
ఫిబ్రవరిలో మామిడిపండు ఎక్కడిది? తోతాపురి రావాలంటే ఎండాకాలం పోవాలి. పల్ప్ ఫ్యాక్టరీల గుజ్జు డబ్బాల్లో దొరుకుతుంది, చల్లగా గ్లాసులో పోసి ఇవ్వండి. ఫ్యాక్టరీలన్నీ మన చుట్టూనే కదా.

అలిపిరి మెట్లు (9:10)
కళ్ళం అయితే ఇంకో రెండు మాటలు. టాయిలెట్లు. మనం సర్దుకుంటాం, వాళ్ళు, పెద్దవాళ్ళు సర్దుకోలేరు, అద్దెకి దొరికేవి రెండు మూడు తెప్పించండి. జనరేటర్ తప్పనిసరి. తిరుపతి నుంచి అందరికీ ఒకటే బస్సు పెట్టండి, చీకట్లో ఎవరి కారు వాళ్ళు వేసుకొస్తే ఆ మట్టిరోడ్డు మలుపు దగ్గర ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడంతోనే సగం రాత్రి పోతుంది. మైకు పది గంటలకి ఆపేయాలి, రూలు అది.

ఇంకా, దర్శనం అదే రోజు పెట్టొద్దు. క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. బుధవారమో గురువారమో పంపించండి, మూడు వందల రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో నెలల ముందే అయిపోతాయి, విడుదల చేసే రోజు కాచుకుని కూర్చోవాలి. హిందువులు కానివాళ్ళు డిక్లరేషన్ రాసి ఇవ్వాలి. నడిచి వెళ్తామని ఉత్సాహపడితే శ్రీనివాస మంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు దారి చూపించండి, అలిపిరి కన్నా మెట్లు తక్కువ. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కించి మర్నాడు డిన్నర్‌కి రమ్మంటే ఎవరూ మంచం దిగరు.

కలంకారి పిల్ల (11:05)
అలంకరణ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? థర్మోకోల్ నెమళ్ళు, ప్లాస్టిక్ పూలు దయచేసి వద్దు. అరటి బోదెలు, మామిడాకుల తోరణం, బంతిపూలు, వెనక శ్రీకాళహస్తి కలంకారి తెర ఒకటి. పద్మావతీ కల్యాణం కథ గళ్ళు గళ్ళుగా గీసినవి ఉంటాయి, ఆకాశరాజు, వకుళమాత, కుబేరుడి దగ్గర అప్పు, నారాయణవనంలో పెళ్లి, అన్నీ. వచ్చినవాళ్ళకి ఆ తెర ముందు నిలబెట్టి కథ చెప్పొచ్చు, పైగా ఆ ఊళ్ళన్నీ మనకు గంట ప్రయాణంలో ఉన్నవే.

కొనేటప్పుడు జాగ్రత్త. శ్రీకాళహస్తిది చేత్తో, వెదురు కలంతో గీసేది. గుడ్డని ముందు కరక్కాయ, పాలలో నానబెడతారు, నల్లరంగు ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టి తీస్తారు. రంగు రంగుకీ ఉతకడం, ఆరేయడం, అందుకే పెద్ద తెర అంటే వారాలు పడుతుంది, ఇప్పుడే చెప్పాలి. మార్కెట్లో కలంకారి అని అమ్మేవాటిలో ఎక్కువ స్క్రీన్ ప్రింట్లు, ఒకే బొమ్మ గీత గీతకీ తేడా లేకుండా వరసగా ఉంటే ప్రింటే. కొత్త గుడ్డ దగ్గర పెట్టుకుంటే పాల వాసన కూడా వస్తుంది.

పలమనేరు రోడ్డు (11:30)
రిటర్న్ గిఫ్టుగా ఎర్రచందనం రాజా రాణీ బొమ్మలు ఇవ్వండి. తిరుపతి అంటే అవే.

అలిపిరి మెట్లు (11:36)
వద్దు బాబూ. ఎర్రచందనం దేశం దాటించడం మీద ఆంక్షలున్నాయి, విమానాశ్రయంలో బ్యాగు విప్పి నిలబడాలి వాళ్ళు. మామూలు కొయ్య బొమ్మలు ఇవ్వండి, శ్రీకాళహస్తి వైపు మాధవమాలలో చెక్కుతారు. మరి తిరుపతి లడ్డూ అని డబ్బాల మీద అచ్చు వేయించకండి, దానికి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు దేవస్థానానిదే. క్యాటరింగ్ లడ్డూ పెట్టుకోండి, పేరు పెట్టకండి.

చిత్తూరు అత్త (12:10)
బొమ్మలంటే గుర్తొచ్చింది. రిహార్సల్ అని వాళ్ళకి ఏదో ఒకటి ఉండాలి కదా, మరి నిజం పెళ్లి ముందే చేసి చూసుకోకూడదు కదా, బొమ్మల పెళ్లి చేయండి! మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో అదే ఆట. ఒక పిల్ల మగపెళ్లివాళ్ళ తరఫున, ఒక పిల్ల ఆడపెళ్లివాళ్ళ తరఫున, బెల్లం ముక్కలు, బొరుగులు, కట్నం గొడవ కూడా ఆడేవాళ్ళం. అందులో అన్నీ వస్తాయి, అడ్డుతెర, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, బిందెలో ఉంగరం. చూసే అమెరికా పిల్లలకి ఆదివారం ఏం జరుగుతుందో తెలిసిపోతుంది.

వలస పక్షి (12:22)
అత్తా, మీ కాళ్ళకి దండం. డబ్బులు పెట్టి ఈవెంట్ మేనేజర్‌ని పెట్టుకున్నా ఈ ఆలోచన రాదు. అక్కడ రిహార్సల్ ఉండేది ఇందుకే, ఎవరు ఎప్పుడు ఏం చేయాలో తెలియడానికి. మన పెళ్లిలో అతిథులకి ఉండే పని ఒకటే, గట్టిమేళం మోగినప్పుడు అక్షింతలు వేయడం, అదీ చాలా మంది ముందే వేసేసి చేతులు దులుపుకుని ఫోన్ తీస్తారు. బొమ్మల పెళ్లిలో నాదస్వరం, డోలు వాళ్ళని ఒక్కసారి గట్టిమేళం వాయించమనండి, ఆ శబ్దం చెవికి పట్టేస్తుంది. స్టేజీ ఎక్కే ముందు చెప్పులు విప్పాలని కూడా ఇక్కడే చెప్పేయొచ్చు.

పలమనేరు రోడ్డు (12:40)
మంత్రాలు మాత్రం చదివించొద్దు, బొమ్మకి కూడా తాళి అని కట్టొద్దు. పూలదండ మార్పించి వదిలేయండి. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పట్టుకుంటారు, తర్వాత ఇంట్లో ఎవరికి జలుబు చేసినా దీని మీదే పెడతారు.

సంగటిముద్ద (12:44)
కట్నం గొడవ మాత్రం ఉండాలి, అదే అసలు ఘట్టం.

మామిడితోపు (రాత్రి 9:50)
ఇంట్లో చెప్పాను. విడిది భోజనం, బొమ్మల పెళ్లి అనగానే నాన్న ముఖం మారిపోయింది, ఇప్పుడు బొమ్మల పెళ్లికి పురోహితుడి వేషం తనదే అంటున్నాడు. పొద్దున దాకా నాటకమా అని తిట్టినాయనే. అబ్బాయి వాళ్ళ అమ్మగారు కూడా సరే అన్నారు, ఒక్కటే అడిగారు, వాళ్ళ స్నేహితులు గ్లాసులెత్తి మాట్లాడతారు కదా, దానికి ఏదన్నా డ్రింక్ ఉండాలట. మందు మా ఇంట్లో కుదరదు.

బంతిభోజనం (10:04)
నన్నారి. సుగంధపాల వేళ్ళ షర్బత్, నిమ్మకాయ పిండి, సోడా కొట్టి పొడుగు గ్లాసులో ఇస్తే రంగు చూసి వాళ్ళే ఏదో అనుకుంటారు. రంగు, ఎసెన్స్ కలిపిన సీసాలు కొనకండి, వేళ్ళతో కాచినది తెప్పించుకోండి, వాసనలోనే తేడా తెలుస్తుంది.

వలస పక్షి (10:15)
మాట్లాడేది అబ్బాయి స్నేహితులే కాకుండా మన వైపు నుంచి కూడా ఇద్దరు లేవాలి అన్నా. మేనమామ ఉంటే ఆయన్ని అడగండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలే అని ముందే చెప్పండి, మన మామయ్యలకి మైకు ఇస్తే పంచాయతీ ఎన్నికల దాకా వెళ్తారు. ఇంగ్లీషులో చెప్పింది తెలుగులోకి, తెలుగులో చెప్పింది ఇంగ్లీషులోకి చెప్పడానికి ఒక మేనకోడల్ని పెట్టండి, అవ్వ తాతలు నవ్వితేనే అది కలిసి తిన్నట్టు.

కలంకారి పిల్ల (10:31)
పాటలకి డీజే వద్దు, చెక్కభజన బృందాన్ని పిలవండి. పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు, గజ్జెలు కట్టుకుని చెక్కలు కొడుతూ తిరుగుతుంటే చూసేవాళ్ళ కాళ్ళు ఆగవు, అరగంటలో అమెరికా వాళ్ళని కూడా వరసలో నిలబెట్టేస్తారు. వీధినాటకం వాళ్ళు కూడా దొరకొచ్చు, వేసవిలో ఊళ్ళల్లో మహాభారతం ఉత్సవాలు మొదలైతే వాళ్ళకి తీరిక ఉండదు కానీ మాఘంలో అడిగి చూడండి. డబ్బు బేరమాడకండి, భోజనం ముందు పెట్టి, బస్సు ఖర్చు వేరే ఇవ్వండి.

తేనెమంచు (10:48)
భోజనం అందరికీ కింద కూర్చోబెట్టి పెట్టాలని పట్టుబట్టకండి. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి, కింద కూర్చోవడం అలవాటు లేని పిల్లలకి బెంచీలు వేసి ఆకు వేయండి. మిగిలినవాళ్ళకి చాపలు. కళ్ళం బండలు ఆ నెలలో రాత్రికి చల్లబడతాయి, చాప కింద జంపఖానా ఒకటి ఉండాలి.

మామిడితోపు (10:57)
చెక్కభజనకి మా అవ్వ వాళ్ళ ఊరు వాళ్ళని అడుగుతున్నా. ఇంకొకటి అత్తా, తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో తినడానికి తలా ఒక పొట్లం ఇద్దామనుకుంటున్నా, నిప్పట్లు (చెక్కలు), అత్తిరసాలు (అరిసెలు). సరిపోతాయా?

చిత్తూరు అత్త (11:12)
నిప్పట్లలో చెనక్కాయలు పడతాయి కదా నాయనా, ఆ పిల్ల సంగతి మరిచావా. బస్సులో అందరి చేతుల్లో అవే ఉంటే ఇబ్బంది. మురుకులు చేయించు, కొత్త నూనె పోసి, వేరే బాండలిలో. అత్తిరసాలు రెండు రోజుల ముందే చేసి పెట్టుకోవచ్చు, పాకం బియ్యప్పిండి నేను చూసుకుంటా, మీ అమ్మకు ఫోన్ చేయమను.